సినిమా చూపించకుండా సినిమా పరీక్ష పెట్టకండి

బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ తయారుచేసే బోర్డు) సభ్యులకు, పరీక్షల విభాగం అధికారులకు, ఉత్తర తెలంగాణ జిల్లాల డిగ్రీ, పీజీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. జర్నలిజం, తెలుగు, సోషియాలజీ కోర్సుల్లో సినిమాకు, కమ్యూనికేషన్ సిద్ధాంతాలకు చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఆ పేపర్లు చెప్పే తీరు, పరీక్ష పెట్టే తీరు మార్చమని ఇచ్చిన వినతిపత్రాలకు మాత్రం ఇప్పటిదాకా జవాబు లేదు. "పరిశీలనలో ఉంది" అన్న మాట కూడా నోటితో అన్నదే, కాగితం మీద లేదు. అందుకే ఈ లేఖను నలుగురి ముందు పెడుతున్నాం.

ముచ్చట ఒక్కటే. ప్రశ్నపత్రం మారనంత కాలం క్లాసులో పాఠం మారదు. "స్టూవర్ట్ హాల్ ఎన్‌కోడింగ్-డీకోడింగ్ నమూనాను వివరించుము" అని పదిహేను మార్కుల ప్రశ్న వస్తుంది. గైడులో మూడు ఉపశీర్షికలు, ఒక డబ్బా బొమ్మ, రెండు బాణాలు ఉంటాయి. పిల్లలు దాన్ని బట్టీ పట్టి దించేస్తారు. ఆ డబ్బాలు, బాణాలు ఎంత బాగా గీసినా, సాయంత్రం ఫోన్లో వచ్చే వీడియోను ఎవరు, ఎక్కడ కోసి, ఎవరి మీదికి పంపారో పోల్చుకోవడం రాదు. సందేశంలో అర్థం ఎవరు పెడతారు, దాన్ని ఎవరు ఎట్లా తీస్తారు అన్నదే ఆ నమూనా. బ్రిటన్‌లో సంస్కృతి, మీడియా మీద పనిచేసిన హాల్ 1973లో ఆ వ్యాసం రాసిందే టీవీ చూసే మనిషి బుర్రలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి. మన దగ్గర అది టీవీ లేని గదిలో, కరెంటు లేకున్నా నడిచే పాఠమైంది.

దీనివల్ల నష్టపోయేది సిలబస్ రాసినవాళ్లు కాదు, పాఠం చెప్పినవాళ్లూ కాదు. ఆ నష్టం ఎవరి మీద పడుతున్నదో కింద రాస్తున్నాం.

1. మన కాలేజీల్లో ఈ కోర్సు చదివిన పిల్లల్లో చాలామంది చివరికి కెమెరా పట్టే పనుల్లోకే పోతారు. మండల విలేకరులవుతారు, యూట్యూబ్ చానెల్ నడుపుతారు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తారు, పార్టీల సోషల్ మీడియా ఆఫీసుల్లో కూర్చుంటారు. అప్పులపాలై రైతు చనిపోయిన ఇంటికి మొదట చేరేది వీళ్లే. అక్కడ ఏడుస్తున్న తల్లి మీద కెమెరా పైనుంచి వాలుతుంది, క్లోజప్ ఇరవై సెకన్లు కదలదు, వెనక విషాద సంగీతం కలుస్తుంది. అప్పు ఇచ్చినవాడు, పంట కొన్నవాడు, బీమా ఆపినవాడు ఒక్క షాట్‌లో కూడా ఉండరు. చూసినవాళ్లకు జాలి మిగులుతుంది, కారణం మిగలదు. ఇంకో పొరపాటు మరీ ప్రమాదం. అఘాయిత్యానికి గురైన అమ్మాయి ముఖం మసక చేస్తారు, వెనకున్న ఇంటి గేటు, వీధి బోర్డు, పక్కన తమ్ముడి స్కూల్ యూనిఫాం మాత్రం స్పష్టంగా వదిలేస్తారు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ గుర్తింపు బయటపెట్టొద్దంటాయి. గుర్తింపు అంటే ముఖం ఒక్కటే అనుకునేవాడికి ఫ్రేమును అంచుదాకా చదవడం ఎవరూ నేర్పలేదు. దానికి శిక్ష ఆ ఇంటివాళ్లు అనుభవిస్తారు.

2. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో తిరిగిన వీడియోలు, మెసేజీలు తెలంగాణతో పాటు చాలా రాష్ట్రాల్లో అమాయకుల ప్రాణాలు తీశాయి. అందులో బాగా తిరిగిన ఒక వీడియో కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన అవగాహన చిత్రం. బైక్ మీద వచ్చినవాళ్లు పిల్లాడిని ఎత్తుకుపోతారు, కాసేపటికే తిరిగి తెచ్చి దింపి, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని రాసిన బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. ఎడిటింగ్ గురించి ఇంతకన్నా పెద్ద పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు. అయినా ఇది మన సిలబస్‌లో లేదు.

3. ఏళ్ల తరబడి తెలుగు తెర మీద కథానాయకుడిది ఒక భాష, వెకిలివాడిదీ విలన్ దగ్గరి గూండాదీ ఇంకో భాష, అది మన తెలంగాణ యాస. కాళోజీ అడిగిన 'పలుకుబడుల భాష' తెరకెక్కేసరికి నవ్వుల సరుకైంది. ఇది చూస్తూ పెరిగిన పిల్ల ఇంటర్వ్యూలో "యాడికెల్లి వచ్చినవ్" అనబోయి ఆగి, గొంతు మార్చుకుంటుంది. ఇట్లా ఆగిపోవడాన్ని పరీక్షలో 'ఆధిపత్యం' అని రాయమంటే రాస్తుంది. అది తన గొంతులోనే ఉన్నదని ఆమెకు ఎవరూ చూపించలేదు.

4. వెంటపడి వేధించడాన్ని ప్రేమగా చూపించిన సీన్ల సంగతి అందరికీ ఎరుకే. కాలేజీ వార్షికోత్సవాల స్కిట్లు చూస్తే చాలు.

ఇక ఈ పాఠం ఎట్లా చెప్పాలో రాస్తాం. ఇందులో పెద్ద ఖర్చు లేదు. ఓపిక కావాలి, టైమ్‌టేబుల్‌లో చోటు కావాలి.

యాభై నిమిషాల పీరియడ్‌లో ఇది కుదరదు. రెండు పీరియడ్లు కలిపి 100 నిమిషాలు కావాలి. పూర్తి సినిమా వేయొద్దు. రెండున్నర గంటల సినిమా వేస్తే పిల్లలు ప్రేక్షకులైపోతారు, విరామంలో సగం మంది బస్సుకు పోతారు. మూడు నిమిషాల సీను ఒకటి తీసుకోండి. షాట్ సగటున ఆరేడు సెకన్లు నిలిచే పాత సినిమా అయితే అందులో 25 నుంచి 30 షాట్లు ఉంటాయి. ఇప్పటి ఫైటో పాటో తీసుకుంటే అదే మూడు నిమిషాల్లో వంద దాటవచ్చు. అప్పుడు పిల్లలు లెక్కపెట్టడంలోనే అలిసిపోతారు.

ఆ సీనును మూడుసార్లు వేయాలి. మొదటిసారి శబ్దం తీసేసి బొమ్మ మాత్రమే. రెండోసారి ప్రొజెక్టర్ కంటికి మూత పెట్టి శబ్దం మాత్రమే. మూడోసారి రెండూ. శబ్దం లేనప్పుడు ఒళ్లు కనిపిస్తుంది. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరి చేతులు కట్టుకుని ఉన్నాయి, ఫ్రేము మధ్యలో ఎవరు, అంచున ఎవరు అన్నది బయటపడుతుంది. బొమ్మ లేనప్పుడు యాస వినిపిస్తుంది, పిలుపు వినిపిస్తుంది. హాస్యగాడు నోరు తెరవకముందే నవ్వమని చెప్పే వాయిద్యం కూడా వినిపిస్తుంది. ఈ చివరిది పిల్లలు మొదటిసారి పట్టుకున్నప్పుడు క్లాసులో అలజడి రేగుతుంది. రేగనివ్వండి.

తర్వాత పట్టిక. ఒక తెల్ల కాగితం అడ్డంగా పెట్టి తొమ్మిది గడులు గీయాలి: షాట్ నంబరు, ఎన్ని సెకన్లు, ఎంత దూరం (క్లోజప్, మిడ్, లాంగ్), కెమెరా ఎత్తు (పైనుంచి, కళ్లకు సమంగా, కిందినుంచి), ఫ్రేములో ఎవరు, మాట ఎవరిది, పిలుపు ఏమిటి, ఎవరు ఎవరిని చూస్తున్నారు, సంగీతం. అయిదుగురికి ఒక కాగితం. ఒక షాట్ దగ్గర ఆపి రాయడానికి నిమిషం పైనే పడుతుంది కాబట్టి 30 షాట్లకు 35 నిమిషాలు. ముందు పది నిమిషాలు పరిచయం, పది నిమిషాలు మూడు ప్రదర్శనలు, పట్టిక అయ్యాక 25 నిమిషాలు వాదన. ఆ తర్వాత 15 నిమిషాలు మాత్రమే సిద్ధాంతం, చివరి అయిదు నిమిషాలు ఎవరికి వాళ్లు నాలుగు వాక్యాలు రాయడం. సిద్ధాంతం పేరు ముందే చెబితే పిల్లలు ఆ పేరునే వెతుకుతారు, సీనులో ఉన్నది వదిలేస్తారు. ఈ వరస తారుమారు చేసిన క్లాసుల్లో ప్రతి సీనుకూ "ఇది పురుష చూపు", "ఇది భావజాలం" అని ముద్ర గుద్దే అలవాటు రెండు వారాల్లో పట్టుకుంటుంది. గైడు పుస్తకం కన్నా అది మొండి రోగం.

'పిలుపు' గడి ఎందుకంటే, ఫ్రెంచి తత్వవేత్త అల్త్యూసర్ 1970లో రాసిన ముచ్చట అందరూ పాఠంలో చెబుతారు. వీధిలో పోలీసు "ఏయ్, నువ్వే" అని అరుస్తాడు, మనిషి వెనక్కి తిరుగుతాడు, తిరిగిన క్షణంలోనే అధికారానికి లోబడిన మనిషవుతాడు. ఇంగ్లీషులో ఎవరినైనా పిలవడానికి ఒకటే మాట, ఆయన రాసిన ఫ్రెంచిలో రెండు. మనకు 'ఒరే', 'ఏమే', 'నువ్వు', 'మీరు', 'తమరు', 'అయ్యా', 'దొరా' ఉన్నాయి. ఒక సీనులో 'ఏంరా', 'పోరా' అనేటప్పటి 'రా' ఎటు నుంచి ఎటు ఎన్నిసార్లు పోయిందో, తిరిగి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే ఆ ఇద్దరి మధ్య సంబంధం అంకెల్లో తేలుతుంది. అల్త్యూసర్‌కు ఇంత సౌకర్యం లేదు. మన భాషలో చెప్పే పాఠం ఇక్కడ అసలు పాఠాన్ని దాటిపోగలదు. అయినా మనం ఇంకా పారిస్ వీధి దగ్గరే ఆగిపోయాం.

ఇటలీ కమ్యూనిస్టు ఆలోచనాపరుడు గ్రాంషీ పాఠం కూడా అట్లాగే. ముసోలినీ జైలులో 1929 నుంచి 1935 దాకా ఆయన నోటుబుక్కుల్లో రాసుకున్న హెజిమనీ అన్న మాటను మన పుస్తకాలు 'ఆధిపత్యం' అని తెలుగు చేశాయి. విద్యార్థికి వెంటనే కొరడా గుర్తొస్తుంది. ఆయన అడిగిందేమో, కొరడా లేనిచోట కూడా జనం ఎందుకు ఒప్పుకుంటారని. 'ఒప్పించుకున్న పెత్తనం' అంటే ఆ ఒప్పుకోలు కూడా మాటలోకి వస్తుంది. ఇక సీను. 'నీ బాంచెన్ కాల్మొక్త' (నీ బానిసను, నీ కాళ్లు మొక్కుతా) అన్న మాట తీసుకోండి. గడీల (దొరల కోటల్లాంటి ఇళ్ల) కాలంలో అది వెట్టి వెనకున్న భయం. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' (1979)లో దొర ముందు జనం వంగి నిలబడే సీను ఒకటి, తర్వాతి దశాబ్దాల హాస్య సీన్లలో అదే మాట నవ్వు కోసం వాడింది ఒకటి పక్కపక్కన వేయండి. గడీ కూలిపోయినా ఆ వంగుడు తెర మీద ఎందుకు మిగిలింది, నవ్వుతున్నది ఎవరు, నవ్వులో తలూపుతున్నది ఎవరు అని అడగండి. దాని పక్కన 2023లో వచ్చిన 'బలగం' నుంచి ఒక సీను పెట్టండి. అక్కడ యాస చావింటి దుఃఖానికి, పాలివాళ్ల పంతానికి వాడారు. మారిందా? మారితే ఏది మారింది, మార్కెట్ ఎంతవరకు ఒప్పుకున్నది? ఒక్క సిద్ధాంతానికి మూడు సీన్లు, రెండు వారాలు పడుతుంది. పట్టనీయండి.

సినిమాలో స్త్రీని చూసే చూపు గురించి బ్రిటిష్ సినీ సిద్ధాంతకర్త లారా మల్వీ రాసిన 1975 వ్యాసానికి మన దగ్గర ఒక జోడీ ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. మల్వీ కెమెరా చూపు, ప్రేక్షకుడి చూపు, పాత్రల చూపు అని మూడు విడదీసి, స్త్రీ చూడబడేదిగా మిగలడాన్ని చూపించింది. ఐటమ్ పాటతో అది అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది, అక్కడితో ఆగొద్దు. అమెరికా నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ 1992లో దానికి ఎదురు ప్రశ్న వేసింది. బానిసలు యజమాని వైపు చూస్తే శిక్ష పడేది, మరి చూసే హక్కే లేనివాళ్ల చూపు సంగతేమిటని. గడీలో దొర కళ్లలోకి చూడొద్దన్న ఆంక్ష తెలిసిన నేలకు ఈ ప్రశ్నను అనువాదం చేయాల్సిన పని లేదు. బి. నర్సింగరావు 'దాసి' (1988)లో గడీ లోపలి సీను ఒకటి తీసుకుని, పట్టికలో ఎనిమిదో గడి ఒక్కటే నింపమనండి. ఎవరు ఎవరిని నేరుగా చూస్తున్నారు, ఎవరు తల దించుకుని చూస్తున్నారు, ఎవరు చాటునుంచి చూస్తున్నారు. మాట తక్కువ ఉన్న సినిమా కాబట్టి కాగితం నిండా చూపులే మిగులుతాయి.

అర్థం పెట్టేవాళ్లు, అర్థం తీసేవాళ్లు అన్న హాల్ పాఠానికి సినిమా కన్నా ముందు చేర్యాల పటం తెరవండి. బట్ట మీద వరసగా బొమ్మలు, ఒక్కో బొమ్మ విప్పుతూ కథ చెప్పే కళాకారుడు, ఎదురుగా కులపోళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. ఎవరు డబ్బు, ధాన్యం ఇస్తారో వాళ్ల మూలపురుషుడే కథకు కేంద్రం. జాంబపురాణంలో అందరికన్నా ముందు పుట్టినవాడు జాంబవంతుడు, పై కులాల కథ చెప్పే వరసను అది తలకిందులు చేస్తుంది. ఎదురు చదువు అంటే ఏమిటో హాల్ పనిచేసిన బర్మింగ్‌హామ్ దాకా పోకుండా ఇక్కడే కనిపిస్తుంది. హాల్ చెప్పిన మూడు చదువులకు 'ఒప్పుకునే చదువు, బేరమాడే చదువు, ఎదురు చదువు' అన్న పేర్లు క్లాసులో బాగా నిలుస్తున్నాయి. బేరమాడే చదువును 'మధ్యేమార్గ సంకేత విచ్ఛేదనం' అని రాసిన పుస్తకం కూడా ఉంది. దాన్ని గట్టిగా చదివితే చాలు, పిల్లలు ఎదురు చదువు మొదలుపెడతారు.

జర్మన్ తత్వవేత్తలు హోర్క్‌హైమర్, అడోర్నో అమెరికా ప్రవాసంలో ఉండి 1944లో రాసి, 1947లో అచ్చు వేయించిన సంస్కృతీ పరిశ్రమ (సినిమా, పాట ఫ్యాక్టరీ సరుకులా తయారవుతాయన్న) పాఠానికి సీను అక్కర్లేదు, చౌరస్తాకు పోతే చాలు. నాలుగు శుక్రవారాలు పిల్లల్ని హన్మకొండ, వరంగల్, కాజీపేట థియేటర్లకు పంపి, ఎన్ని తెరలున్నాయి, అందులో ఒకే సినిమా ఎన్ని తెరల మీద ఆడుతోంది, రోజుకు ఎన్ని ఆటలు, ఏ రోజు తీసేశారు అని రాయించండి. అప్పుడే ఇంకో ప్రశ్న వేయండి. సినిమా వ్యాపారంలో మన ప్రాంతాన్ని ఈ రోజుకూ 'నైజాం' అనే పిలుస్తారు, రాయలసీమను 'సీడెడ్' అంటారు. నిజాం ప్రభుత్వం 1948లో పోయింది, హైదరాబాద్ రాష్ట్రం 1956లో పోయింది. సీడెడ్ అన్నది 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి అప్పజెప్పిన జిల్లాల పేరు. రాజ్యాలు పోయినా డిస్ట్రిబ్యూటర్ లెడ్జరులో హద్దులు పోలేదు. ఈ పాఠం ఏకపక్షంగా ముగియకుండా, అభిమాని ఊరికే తలూపేవాడు కాదని, హీరో మీద హక్కు చూపించేవాడని చెప్పిన సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ పనిని కలపండి. డబ్బు పెట్టినవాడి మాటే సినిమా అవుతుందన్న తేలిక సూత్రానికి కూడా ఒక చిక్కు ప్రశ్న ఉంది. జమీందారీని ఎత్తిచూపి నిషేధం ఎదుర్కొన్న గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' (1939)కు డబ్బు పెట్టింది ఒక జమీందారే, చల్లపల్లి రాజా.

ఇక గది సంగతి, కాపీల సంగతి. ఎక్కువ క్లాసులు చెడేది ఇక్కడే.

చాలా కాలేజీల్లో ప్రొజెక్టర్ ఉంది, చీకటి లేదు. కిటికీకి రెండు పొరల నల్లబట్ట, నాలుగు దిక్కులా అర అడుగు ఎక్కువ వచ్చేట్టు కుట్టించాలి. లేకుంటే అంచుల నుంచి వచ్చే వెలుతురు తెర మీద నలుపును బూడిదరంగు చేస్తుంది, వెలుగునీడల మీద చెప్పే పాఠం అక్కడితో సరి. తెర ఎనిమిది అడుగుల వెడల్పుంటే బొమ్మ ఎత్తు నాలుగున్నర అడుగులు, దానికి ఆరు రెట్లు, అంటే 27 అడుగులు దాటి కుర్చీ వేయొద్దు. నలభై మంది గదికి 3000 నుంచి 3500 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టర్ సరిపోతుంది. దాని కడుపులో ఉన్న చిన్న స్పీకరు సరిపోదు, తెర కింద రెండు పవర్డ్ స్పీకర్లు పెట్టాలి. పాత వీజీఏ కేబుల్‌లో బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఆగిపోయిన క్లాసులెన్నో.

కాపీల్లో మూడు మోసాలున్నాయి. మొదటిది, పాత సినిమాల చదరపు ఫ్రేమును ఇప్పటి తెర నిండా సాగదీయడం. ముఖాలు వెడల్పవుతాయి, నిలబడ్డ మనుషులు పొట్టిగా కనిపిస్తారు. ప్రొజెక్టర్ మెనూలో 4:3 పెట్టి, రెండు పక్కలా నలుపు వదిలేయాలి. రెండోది, పట్టుబడకుండా ఎడమను కుడిగా తిప్పి ఎక్కించిన యూట్యూబ్ కాపీలు. సీనులో ఎక్కడైనా రాసిన అక్షరాలుంటే, అన్నం తినే చేయి కనిపిస్తే తిరగబడిందా లేదా తెలుస్తుంది. మూడోది అన్నింటికన్నా చెడ్డది. వెడల్పాటి సినిమాస్కోప్‌లో తీసిన సినిమాను పాత టీవీ కొలతకు కోసిన కాపీల్లో అంచులు పోతాయి. మన సినిమాల్లో అంచున నిలబడేది ఎవరు? విసనకర్ర పట్టుకున్న దాసి, చేతులు కట్టుకున్న జీతగాడు. అధికారం గురించి చెప్పే పాఠంలో అధికారం లేనివాళ్లనే కత్తిరించిన కాపీ వేస్తే ఏం చెబుతాం?

క్లాసు నడిపేటప్పుడు ఒక జాగ్రత్త అన్నింటికన్నా ముఖ్యం. యాసనో కులాన్నో ఎగతాళి చేసే సీను వేసి, ఆ యాస మాట్లాడే పిల్లనో ఆ కులపు పిల్లాడినో లేపి "నువ్వు చెప్పు, నీకేమనిపించింది" అని అడగొద్దు. తెర మీద ఒకసారి జరిగిన అవమానం క్లాసులో రెండోసారి జరుగుతుంది. ముందు అందరూ పట్టిక నింపాలి, తర్వాత మాట్లాడాలనుకున్నవాళ్లు మాట్లాడాలి. హింస, అత్యాచారం ఉన్న సీను అయితే ముందు రోజే చెప్పాలి, బయటకు పోయేవాళ్లకు కారణం అడగకుండా హాజరు వేయాలి. హీరోల అభిమానుల గొడవకు కూడా మందు పట్టికే. అంకెలు కాగితం మీద ఉన్నప్పుడు గొంతులు తగ్గుతాయి, కొంత.

కాపీరైట్ భయం గురించి రెండు మాటలు, ఎందుకంటే ప్రిన్సిపాళ్లు మొదట అడ్డం పెట్టేది అదే. కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా సిబ్బందికి, విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లకు మాత్రమే సినిమా వేస్తే అది ఉల్లంఘన కాదు. బోధనలో భాగంగా, పరీక్ష ప్రశ్నలో భాగంగా వాడుకోవడానికీ అదే సెక్షన్ వీలు ఇస్తుంది. ఊరందరినీ పిలిచి, టికెట్ పెట్టి వేస్తే లెక్క వేరు. సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ఆ లెక్కన 1964, అంతకుముందు వచ్చిన సినిమాల గడువు తీరిపోయింది (పాటల సాహిత్యానికి మాత్రం లెక్క రచయిత మరణం నుంచి). ఇంటి ఓటీటీ ఖాతాతో క్లాసులో వేయడం ఆ కంపెనీ షరతులకు ఎదురు కావచ్చు కాబట్టి డిస్క్ కొనడం మేలు. టెలిగ్రామ్ కాపీలు వద్దే వద్దు.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని మేం అడుగుతున్నవి:

1. ప్రశ్నపత్రంలో 100కు 40 మార్కులు సీను చదివే ప్రశ్నకు ఇవ్వాలి. పరీక్ష మొదట్లోనే మూడు నిమిషాల సీను రెండుసార్లు వేయాలి. కనిపించిందీ వినిపించిందీ ఖచ్చితంగా రాసినందుకు 15, దాన్ని ఒక సిద్ధాంతంతో కలిపినందుకు 15, ఆ సిద్ధాంతం ఎక్కడ సరిపోలేదో చెప్పినందుకు 10. కరెంటు పోతే ఆ సీను నుంచి ఆరు ఫ్రేములు, సంభాషణ అచ్చువేసిన కాగితం సిద్ధంగా ఉండాలి. చూపు లేని విద్యార్థులకు సీను వర్ణనను ముందే రాయించి విడిగా చదివి వినిపించాలి.

2. ఈ పేపరుకు వారానికి ఒక 100 నిమిషాల జంట పీరియడ్ టైమ్‌టేబుల్‌లో తప్పనిసరి చేయాలి.

3. ప్రతి కాలేజీలో ఒక గదికి నల్ల పరదాలు, రెండు స్పీకర్లు, పది మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్. ఇంతే. స్మార్ట్ క్లాస్‌రూమ్ శంకుస్థాపన అడగడం లేదు.

4. అన్ని కాలేజీలకు పనికొచ్చే సీన్ల జాబితా ఒకటి తయారుచేయాలి. అందులో మూడో వంతు తెలంగాణ జీవితానివి కావాలి. సినిమాలతో పాటు టీవీ వార్తలు, ఎన్నికల ప్రకటనలు, రీల్స్, కోయ, గోండు, లంబాడీ భాషల వీడియోలు ఉండాలి. కత్తిరించిన, తిరగేసిన కాపీలు ఉండకూడదు.

5. సిద్ధాంతాల తెలుగు మాటలను ఒక్కచోట కూర్చి, ప్రతి మాటకూ ఒక సీను ఉదాహరణగా జతచేసిన చిన్న పదకోశం అచ్చు వేయాలి. 'చూపు' చాలినచోట 'దృష్టికోణం' వద్దు.

6. అధ్యాపకులకు అయిదు రోజుల శిక్షణ. అందులో ఒక రోజు పూర్తిగా పట్టిక నింపడమే, ఉపన్యాసాలు ఉండొద్దు. ఒక రోజు చేర్యాల నకాశీ చిత్రకారులను, పటం కథ చెప్పేవాళ్లను పిలిచి, వచ్చిన ప్రొఫెసరుకు ఎంత ఇస్తారో వాళ్లకూ అంతే ఇవ్వాలి. శాలువాతో సరిపెట్టొద్దు.

7. పై ఆరింటికీ వేరువేరుగా, ఔననో కాదనో, 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. కాదంటే కారణం రాయాలి.

నమూనా ప్రశ్నపత్రం, తొమ్మిది గడుల పట్టిక, పన్నెండు సీన్ల పాఠ్యపత్రాలు తయారుగా ఉన్నాయి. వచ్చే బోర్డు సమావేశంలో 100 నిమిషాలు ఇస్తే ఒక క్లాసు మీ ముందే నడిపి చూపిస్తాం. ప్రొజెక్టర్, స్పీకర్లు మేమే మోసుకొస్తాం. ఆ గది కిటికీలకు పరదాలున్నాయో లేదో మాత్రం ముందుగా చూసి చెప్పండి.

ఇట్లు,
ఉత్తర తెలంగాణ జిల్లాల్లో సినిమా, మీడియా పాఠాలు చెప్పే కొందరు అధ్యాపకులు
హన్మకొండ